ఒంగోలు పోయి చూసిన ఎదురింటివాళ్లు

డిగ్రీ చేతికి రావాలంటే మా మనవరాలు ప్రసన్న ఇంటర్న్‌షిప్ చేయాలట. దొరికింది ఒంగోలులో. మార్కాపురం నుంచి రోజూ బస్సులో పోయి రావాలి. చీకటితో బయలుదేరితే మళ్లీ చీకటి పడ్డాకే ఇల్లు. చేరాలా వద్దా అని పిల్ల తేల్చుకోలేకపోతుంటే, ఎదురింటి సుబ్బరాయుడు టీ కొట్టు దగ్గర అందరి ముందూ నన్ను వెక్కిరించాడు.

"దూరం పోకుంటే లోకం ఎట్ల తెలుస్తదన్నా? నీకు పుస్తకాలు తప్ప ఏం తెలుసు!"

ఆ మాట పడలేక, ఆఫీసేదో చూద్దామని ఈ రోజు పిల్లతో నేనూ వెళ్లాను. గదిలో నాలుగు కుర్చీలు, గోడకు పెద్ద టీవీ. పని నేర్పే మేనేజరు ఆ టీవీలోనే కనిపిస్తాడట. కనిపించాడు. అతని వెనక నుంచి లుంగీ ఎగ్గట్టుకుని, కాఫీ గ్లాసుతో సుబ్బరాయుడు నడిచి వెళ్లాడు!

కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాను. మేనేజరు అతని కొడుకే. ఇంట్లో కూర్చుని ఏదో ఉద్యోగం చేస్తాడని తెలుసుగానీ, ఇదని తెలియదు.

"ఏంది నాయనా, ఎదురింట్లో ఉన్న నిన్ను చూసేదానికి పిల్ల రోజూ ఒంగోలు రావాల్నా?"

"ఆఫీసుకొస్తేనే క్రమశిక్షణ వస్తది పెదనాయనా."

"మరి నువ్వో?"

"నాకు బస్సు పడదు."

ప్రసన్న అక్కడికక్కడే చేరనని చెప్పి లేచింది. ఇక వేరే చోటు వెతుక్కోవాలి. ఇద్దరం తిరుగు బస్సు ఎక్కాం.

దూరం పోతేనే లోకం తెలుస్తుందన్న సుబ్బరాయుడి మాట నిజమేనని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒళ్లు మండుతున్నది అందుకే. రేపు టీ కొట్టు దగ్గర అతణ్ని ఏమనాలో మీరే చెప్పండి.