తాగదు, కాలుస్తుంది

ఈ రోజు మా పెద్దత్తయ్యను కాకినాడలో డాక్టరుగారికి చూపించాను. మెడలో ఎముక అరిగి నరం నొక్కుకుపోవడంతో ఆవిడ కుడిచేతిలో గ్లాసు నిలవడం లేదు. ఆపరేషన్ చేయాలి. అంతకు ముందు ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు. షుగరు లేదు, బీపీ లేదు.

"పొగ తాగుతారా అండి?"

"తాగనండి," అంది అత్తయ్య నిబ్బరంగా.

ఆయన టార్చిలైటు వేసి నోట్లోకి చూశారు. "మరి అంగిలి ఇలా నల్లబడిందేంటండి?"

"చుట్ట కాలుస్తానండి. అడ్డచుట్టేలెండి, నిప్పు నోట్లోనే ఉంటుంది. పొగ ఎవరికీ తగలదు."

నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. "చుట్ట మానకపోతే మెడలో అరిగినచోట పెట్టే ఎముక ముక్క అతుక్కోదండి, కుట్లూ మానవు. ముందు అది మానండి, తర్వాత కోస్తాను," అని పంపించేశారు.

చుట్టకీ మెడ ఎముకకీ సంబంధమేమిటా అని దారి పొడవునా ఆలోచిస్తూనే ఉన్నాను. రావులపాలెంలో బస్సు దిగగానే అత్తయ్య చుట్టల కట్ట నా చేతిలో పెట్టింది.

"నువ్వే దాచరా. నేనడిగినా ఇవ్వకు."

రేడియోలో సాయంత్రం వార్తలు మొదలవకముందే అడిగింది. ఇవ్వలేదు. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

మీ ఇంట్లో పొగ తాగనివాళ్లుంటే, కాలుస్తారేమో కూడా ఒకసారి అడిగి చూడండి.