ఆత్మకూరులో లేని రైలు

దయ్యాలంటే నాకు నవ్వు. గోడ బీటవారితే పునాది చూస్తాను గానీ పూజారిని పిలవను. సివిల్ ఇంజనీరుని మరి.

చెన్నైలో ఓ పాత సున్నపు కట్టడం పని నా చేతికొచ్చింది. ముందు గోడలు అలాగే ఉంచి, వెనక కొత్త అంతస్తులు లేపాలి. సరిగ్గా దాని కిందే మెట్రో సొరంగం. కొత్త బరువు సొరంగం మీద పడకుండా, స్తంభాలు దానికి అటూ ఇటూ లోతుగా దింపి, పైన పెద్ద దూలం వెయ్యాలి. రైలు వెళ్లినప్పుడల్లా పాత గోడలు అదిరేవి. అందుకే బీటల మీద సన్నటి గాజు ముక్కలు అతికించేవాళ్లం. గోడ కదిలితే గాజు పగులుతుంది.

సున్నం పని తెలిసినవాళ్లు కావాలని, ఆత్మకూరు కాంట్రాక్టరు మా ఉదయగిరి నుంచి మేస్త్రీలను తెచ్చాడు. వాళ్లలో మా నాయన ఒకడు.

ఓ కమాను మీద గాజు పగిలింది. దాని కింద పెట్టిన ఊతాలు తియ్యొద్దని చెప్పాను. నేను లేని రోజు చూసి కాంట్రాక్టరు తీయించాడు. కింద రైలు వెళ్లింది, కమాను కూలింది, నాయన పోయాడు.

"తాగొచ్చి ఆయనే ఊతం తన్నేసినాడు" అని కాంట్రాక్టరు మా ఊరంతా చెప్పాడు. నాయన జన్మలో చుక్క ముట్టలేదు. కూలీలు నాకు నిజం చెప్పారు గానీ పోలీసుల ముందు నోరు విప్పలేదు.

ఆ తర్వాత కాంట్రాక్టరు ఆత్మకూరులో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"అమ్మా, ఇల్లు అదురుతా ఉండాది. ఇట్టాంటియి నీకు తెలుసు గదా, ఒకసారి వచ్చి చూడు."

దాపరికమెందుకు, వాడి ఏడుపు చూడాలనే వెళ్లాను.

మిట్టమధ్యాహ్నం హాల్లో నిలబడ్డాను. అరికాళ్ల కింద సన్నగా మొదలై, గట్టిపడి, దూరంగా సాగిపోయింది. నాకు బాగా తెలిసిన అదురే, మెట్రో అదురు. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఆత్మకూరులో భూమి కింద రైలెక్కడిది? బోరు ఆపించాను. రోడ్డు మీద లారీలు లేవు. పక్కింట్లోకి వెళ్లి నిలబడితే ఏమీ లేదు. బీటల మీద గాజు అతికించి, ఆరేదాకా కూర్చున్నాను. చూస్తుండగానే అన్నీ ఒక్కసారిగా పగిలాయి.

కాంట్రాక్టరు పగిలిన గాజు ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఊతాలు నేనే తీయించినానమ్మా. ఆయన తాగలేదు."

"నాక్కాదు. ఉదయగిరిలో మా అమ్మకు చెప్పండి, వీధిలో నిలబడి."

వెళ్లి నలుగురి ముందూ చెప్పాడు. అమ్మ వాకిలి ఊడుస్తూనే విన్నది.

"మా ఆయన ఎట్టాంటోడో నువ్వు చెప్తే గానీ నాకు తెలీదా ఏంది? పో" అంది.

అదురు ఆగలేదు. స్తంభాల కింద రబ్బరు దిమ్మలు పెట్టమని ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాడు. రైలు అదురుకు అది మందే. కానీ అక్కడ కింద మట్టి తప్ప ఏమీ లేదు. ఆ ఇల్లు ఎందుకు అదురుతుందో నాకు నిజంగా తెలియదు. తెలిసినా ఆపను.