చేపల గోనెల్లో గులకరాళ్ళు

నా వీసా మీద హౌస్ డ్రైవర్ అని ఉండేది గానీ, నిజానికి నేను ఒకే ఒక్క బండికి డ్రైవర్‌ని. ఖబూరాలో నన్ను పనికి పెట్టుకున్న ఒమానీ పెద్దాయన, మా అర్బాబ్, వయసులో ఉన్నప్పుడు కొన్న మొదటి పికప్ అది. గేర్ రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది, చల్లారిన ఇంజను అంటుకోవాలంటే చోక్ పిడి చేత్తో లాగాలి. ముప్పై ఏళ్ళు ఆయనే తోలి, కళ్ళు మసకబారాక, పాత బండ్లు తెలిసినవాడు కావాలని నన్ను కడప జిల్లా నుంచి రప్పించాడు. మిగతా రెండు కార్లూ ఆటోమేటిక్, వాటిని ఎవరైనా తోలేస్తారు. పికప్ పోతే నేనూ మూటాముల్లె సర్దుకోవలసిందే.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో, సరిగా గుర్తులేదు. పెద్దాయన కొడుకు, నేను చిన్న అర్బాబ్ అని పిలిచేవాణ్ణి, నాలుగేళ్ళు ఏదో చలిదేశంలో చదివి ఆ ఏడే తిరిగొచ్చాడు. మనసు మంచిదే, కాకపోతే నోరు తెరిస్తే మంచు. అక్కడ చలికాలం రాగానే టైర్లు మార్చేస్తారట. ఆ టైర్ల రబ్బరు మెత్తగా ఉంటుందట, గాట్లు లోతుగా ఉంటాయట. మేం చెమట తుడుచుకుంటూ వినేవాళ్ళం. మా పికప్ హైవే మీద రెండుసార్లు ఆగిపోయేసరికి తండ్రి దగ్గర మాట తీసుకున్నాడు: ఇంకొక్కసారి దారిలో ఆగితే స్క్రాప్‌కి వేసేయాలి. పెద్దాయన సరేనన్నాడు.

అర్బాబ్ అక్కగారిది కొండల్లో ఊరు. ఏటా చలికాలంలో పెద్దాయనా నేనూ ఆమె మేకలకు మేతగా ఎండుచేపలు గోనెల కొద్దీ పట్టుకెళ్ళేవాళ్ళం. ఆ ఏడు చిన్న అర్బాబ్ కూడా వచ్చాడు. గోనెలు దింపి, ఖాళీవి వెనక పడేసి, భోజనాలకు కూర్చున్నామో లేదో, రేకుల మీద దబదబా వడగళ్ళు. అరగంట కురిశాయి. బయటికొచ్చి చూస్తే దారంతా ఉప్పుమడిలా తెల్లగా పరుచుకుంది.

ఆ ఊరి నుంచి బయటపడాలంటే ముందు ఒక ఎత్తు ఎక్కాలి. సగం ఎక్కామో లేదో వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి, బండి తోక లోయవైపు జారింది. మెల్లగా వెనక్కి దించి ఆపాను.

చిన్న అర్బాబ్ దిగేశాడు. "ఖలాస్. వింటర్ టైర్లు లేకుండా ఇది కదలదు. మీరు మాటిచ్చారు బాబా. దీన్నిక్కడే వదిలేసి అత్త వాళ్ళ జీపులో పోదాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, టైర్లదా తప్పు?

"బండి ఆగలేదు చిన్న అర్బాబ్, నేనే ఆపినా. అరగంట టైమియ్యండి," అన్నాను, మా గల్ఫు హిందీలో.

మా మేనమామ జమ్మలమడుగులో అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. వానపడిన నల్లరేగడి మీద బండి తోలినవాడికి మంచు ఒక లెక్కా? డిక్కీలో నాలుగు నాపబండలు వేసుకునే బయల్దేరేవాడు. "ఎనక బరువు లేకుంటే చక్రం నేలను పట్టుకోదురా అబ్బీ. ఇంగ బురదతో జగడం పెట్టుకోవాకు, బతిమాలుకుంటా పో," అనేవాడు. మా పికప్ వచ్చేటప్పుడు బరువుతో వచ్చింది, ఇప్పుడు వెనక ఖాళీ. అంతే సంగతి.

ఖాళీ గోనెలు తీసుకుని పక్కనున్న వాగులోకి దిగాను. గులకరాళ్ళు ఎత్తిపోస్తుంటే వెనక చప్పుడైంది. పెద్దాయన తన పొడుగు చొక్కా, డిష్‌డాషా, పైకెత్తి నడుముకు దోపుకుని ఇంకో గోనె పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి వంగాక కొడుకు నిలబడి చూడగలడా? ముక్కు మూసుకునే దిగాడు. తెల్లటి బట్టలకు చేప పొలుసులు అంటుకున్నాయి. తొమ్మిది గోనెలు నింపి, సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేలా పేర్చాం.

సెకండ్ గేరులో కదిలించాను. బ్రేకు జోలికి పోలేదు, స్టీరింగ్ విదిలించలేదు. చక్రాలు ఒకసారి తడబడ్డాయి. "పద తల్లీ, పద," అని పైకే అన్నాను. ఎత్తు ఎక్కింది. అవతల దిగుడంతా అదే గేరులో ఇంజను బిగువు మీదే దించాను. కింద నల్లటి తారు కనబడింది.

అప్పుడు చిన్న అర్బాబ్ గీసుకుపోయిన అరచేతులు చూసుకుంటూ అడిగాడు. "ఈ బండి నాకు నేర్పుతావా?"

పెద్దాయన మాషా అల్లా అంటూ కొడుకు తొడ చరిచాడు. వీడు నేర్చుకుంటే ఇంక నాతో పనేముంది? బండిని గట్టెక్కించి నేనే మునిగానే! అయినా ఎట్లా కాదనడం?

శుక్రవారాలు సముద్రపు ఒడ్డున నేర్పాను. గేర్లు, క్లచ్, గోనెల సంగతి, అన్నీ. నెలలో బ్రహ్మాండంగా తోలేశాడు. ఒక్క చోక్ కిటుకు మాత్రం చెప్పలేదు. సగమే లాగాలి, రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కాలి, ఇంజను దగ్గగానే లోపలికి నెట్టాలి. అది తెలియక పొద్దున్నే అతను కిందామీదా పడేవాడు, బండి మొరాయించేది. "డ్రైవర్‌ని పిలు. అది వాడి మాటే వింటుంది," అనేవాడు పెద్దాయన.

నా వీసాకు మళ్ళీ రెండేళ్ళ ముద్ర పడిన రోజు, ఇంక మనసొప్పక కిటుకు చెప్పేశాను. చిన్న అర్బాబ్ ఒక్క దెబ్బకు స్టార్ట్ చేసి, హారన్ కొట్టుకుంటూ వీధిలోకి పోయాడు.

పెద్దాయన గుమ్మంలో నిలబడి, బండి మలుపు తిరిగే దాకా చూసి నా వైపు తిరిగాడు.

"తొందరపడ్డావు. నేనైతే ఇంకో రెండేళ్ళు ఆగేవాణ్ణి," అన్నాడు.