మంటపం ఎక్కిన మాక్రో లెన్సు

మా ఆయన పోయాక పటమటలోని స్టూడియో తాళాలు నేనే తీసుకున్నాను. అమ్మేయమన్నవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పాను: ఇన్నేళ్ళూ ఆయన పక్కన లైట్లు పట్టుకుని ఊరికే నిలబడలేదని. పాత లెన్సుకి ఫంగస్ పట్టడంతో కొత్తది కొనడానికి వన్ టౌన్ వెళ్ళాను. జూమ్, మాక్రో రెండూ కొనే స్తోమత లేదు. ఏదో ఒకటి తేల్చుకోవాలి.

కెమెరాల షాపాయన మా ఆయనకు స్నేహితుడు. నేను అడక్కముందే పొడుగాటి జూమ్ లెన్సు తీసి బల్ల మీద పెట్టాడు.

"పెళ్ళిళ్ళకి ఇదే చెల్లెమ్మా. హాలు చివర నిలబడి తాళి కట్టేది లాగెయ్యొచ్చు. నీకైతే మరీ మంచిది. ముహూర్తం టైముకి మంటపం దాకా వెళ్ళక్కర్లేదు, ఎవరూ ఏమీ అనరు."

ఒళ్ళు మండింది. నా మంచి కోరే చెప్పాడు, తెలుసు. అందుకే ఇంకా మండింది.

"హాలు చివర్నుంచి తీస్తే పడేది బాబాయిల వీపులే అన్నయ్యా. ఆ మాక్రో చూపించండి."

"దాంతో పువ్వులూ పురుగులూ తీసుకుంటారమ్మా. జానెడు దూరంలోకి వెళ్తేగానీ దాని పనితనం తెలీదు. పెళ్ళిలో ఏం చేసుకుంటావు?"

"జానెడు దూరంలోకే వెళ్తాను. దూరపు కొండలు నునుపు."

ఇక ఆయన బిల్లు రాశాడు.

ఆ వారమే ఒక టీచరుగారు కూతురి పెళ్ళి ఫోటోలు మాట్లాడుకోవడానికి స్టూడియోకి వచ్చారు. భర్త లేడు. పిల్లను ఒంటిచేత్తో పెంచి, చదివించి, పుట్టింటివాళ్ళు పెట్టే సూత్రం కూడా తనే దగ్గరుండి చేయించిన మనిషి. పీటల మీద మాత్రం పిల్ల పెదనాన్న, పెద్దమ్మ కూర్చుంటారట.

"నేను లోపల గదిలో ఉంటానండీ. సూత్రం ఒక్కటీ దగ్గరగా తీసి పెట్టండి, తర్వాత చూసుకుంటాను," అన్నారు.

తను చేయించిన సూత్రాన్ని ఫోటోలో చూసుకోవడమేమిటి? ఆవిడ అంత నెమ్మదిగా చెప్పడమే నాకు నచ్చలేదు. కొత్త లెన్సు తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళి. ముహూర్తం దగ్గరపడగానే కొబ్బరిబొండం మీద పసుపుతాడుతో సూత్రాలు పెట్టి, ఆ పళ్ళెం పట్టుకుని పెద్దమ్మ హాలంతా తిరగసాగింది. పెద్దవాళ్ళూ ముత్తైదువలూ తాకి దీవిస్తున్నారు. గది గుమ్మంలో టీచరుగారు నిలబడి ఉన్నారు. పళ్ళెం అక్కడిదాకా వచ్చి పక్కకి తిరిగిపోయింది. ఆవిడ చెయ్యి కాస్త లేచి, మళ్ళీ చీరకొంగులోకి వెళ్ళిపోయింది.

పెళ్ళిలో పురోహితుడి మాట విననివాళ్ళు కూడా ఫోటోగ్రాఫరు మాట వింటారు. తల ఎత్తమంటే ఎత్తుతారు, వేసిన దండ తీసి మళ్ళీ వెయ్యమంటే వేస్తారు. ఆ అధికారం ఇన్నాళ్ళూ దండలకే వాడాను. దీనితో నా బేరాలన్నీ పోతే పోనీ అనుకున్నాను.

"పళ్ళెం ఆపండమ్మా, క్లోజప్ తియ్యాలి. సూత్రం మీద ఒక చెయ్యి కావాలి. టీచరుగారూ, మీరు రండి."

"నేను పెడతాగా," అంది పెద్దమ్మ.

"మీకు గాజులెక్కువండీ. ఫోటోలో మెరుపు కొడతాయి. ఆవిడ చేతికి వాచీ తప్ప ఏమీ లేదు."

సగం అబద్ధమే. పెద్దమ్మ నా దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

"నీకు తెలీదేమోనమ్మా, ఆవిడ తాకకూడదు."

"నాకూ చాలామంది చెప్పారండీ అలాగే. కాస్త వెలుతురులోకి జరగండి."

పురోహితుడు గడియారం చూసుకుని, "కానివ్వండమ్మా, త్వరగా," అన్నాడు. టీచరుగారు మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయారు. పీటల మీదనుంచి పెళ్ళికూతురు తల తిప్పి, "రా అమ్మా," అంది.

ఆవిడ వచ్చారు. సూత్రం మీద వేలు పెట్టారు. మాక్రోలో ఏ చిన్న కదలికైనా పెద్దగా కనిపిస్తుంది. పసుపంటిన గోరు, కింద ఆవిడ చేయించిన బంగారం, అన్నీ జానెడు దూరంలో. ఊపిరి బిగబట్టి తీశాను.

మొదటి ఫోటోయే అద్దంలా వచ్చింది. పెద్దమ్మ పళ్ళెం వెనక్కి లాక్కోబోయింది.

"ఆగండి, సరిగ్గా రాలేదు," అన్నాను. "టీచరుగారూ, ఇంకోసారి. వేలు తియ్యకండి."