దిండు వద్దన్నావిడ

అభన్‌పూర్ నుంచి వచ్చే బస్సులో ఆవిడ నా పక్కన కూర్చుంది. నేను మా మూడేళ్ల బాబుతో తెలుగులో మాట్లాడటం విని, "మనోళ్లేనా అమ్మా?" అని పలకరించింది. బాబుకు నడుము నిలవదని ఆవిడకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది, చూడగానే తెలుసుకుంది.

ఇలాంటి పిల్లలకు ఇంటికొచ్చి కూర్చోవడం అదీ నేర్పే టీచరును ఇవ్వాలో వద్దో తేల్చడానికి రేపు సర్కారు ఆఫీసు నుంచి ఒక మేడమ్ వీణ్ణి చూడటానికి వస్తోందని చెప్పాను. కొత్త చొక్కా కొన్నాననీ, నమస్తే పెట్టడం నేర్పిస్తున్నాననీ కూడా చెప్పాను.

ఆవిడ నవ్వింది. "మేమూ చుట్టాలొస్తున్నట్టే చేశాం. మా పిల్లకి తలంటి, రెండు జడలేసి, చుట్టూ దిండ్లు పెట్టి కూర్చోబెట్టాం. ఆ వచ్చినావిడ చాయ్ తాగి, 'బచ్చీ తో ఠీక్ హై' అంటే మురిసిపోయాం. పిల్ల బాగానే ఉందని ఆఫీసులోనూ అదే చెప్పిందట. ఇంకెవ్వరూ రాలేదు. ఇప్పుడు దానికి పదహారేళ్లు. నడుం వంకర తిరిగిపోయింది."

దిగేముందు బాబు నోటి చొంగను తన కొంగుతో తుడిచి, "రేపు మాత్రం ఇలా తుడవకు. దిండూ పెట్టకు" అంది.

మర్నాడు మేడమ్ ఎదుట బాబును చాప మీద కూర్చోబెట్టి చేతులు తీసేశాను. వాడు మెల్లగా పక్కకు ఒరిగిపోతూ, నేను పట్టుకుంటానన్న నమ్మకంతో నా వైపే చూశాడు. నేను కదల్లేదు.

ఇప్పుడు టీచరు వారం వారం వస్తోంది. ఆవిడ కూర్చోబెడితే నవ్వుతాడు. నేను కూర్చోబెడితే మాత్రం నా చీర గట్టిగా పట్టుకుంటాడు.