సగం బస్తా

2022 వానాకాలం. తెనాలిలో ఒక చిన్న జిమ్‌లో ట్రైనర్‌గా పనిచేస్తున్నాను. ఈ విద్యలో నాకు సర్టిఫికెట్లు లేవు. శాఖా గ్రంథాలయంలో శరీరశాస్త్రం, వ్యాయామం మీద దొరికిన పుస్తకాలన్నీ చదివి, అర్థంకాని మాటలకు నిఘంటువు తిరగేసి నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే.

అప్పుడు వచ్చాడు ఏసురత్నం, దుగ్గిరాల పసుపు యార్డులో హమాలీ. నలభై దాటిన మనిషి. అంతకుముందు సీజన్లో బస్తా ఎత్తుతూ నడుం పట్టేసి మంచాన పడ్డాడు. నొప్పి తగ్గాక, మెల్లగా బలం తెచ్చుకోమని డాక్టరు చెప్పాడట. ముఠాలో తండ్రి నుంచి వచ్చిన చోటు పోకూడదన్నదే అతని ఆరాటం. ముఠా అంటే కలిసి బస్తాలు మోసి, కూలి సమంగా పంచుకునే జట్టు.

మా విద్యలో ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్ అని ఒక సూత్రం ఉంది. ఒంటికి తెలిసీ తెలియనంతగా రోజూ కాస్త బరువు పెంచుతూ పోవడం. రోజూ పెంచుకుంటూ పోవడానికి జిమ్‌లోని ఇనుప బిళ్లల్లో చిన్నది కూడా అతని నడుముకు ఎక్కువే. అందుకని ఒక గోతాంలో ఊక నింపి, రోజూ గిద్దెడు ఇసుక కలపమన్నాను. వెన్ను నిటారుగా ఉంచి, తొడల బలంతో లేవడం నేర్పాను.

ఇసుక పోసే పని, రోజూ అతనితో జిమ్‌కి వచ్చే భార్య మరియమ్మది. "మందు పోసినట్టు పోస్తన్నానండి మాస్టారూ. ఈయనేమో రేపటిది కూడా ఇయ్యాలే పొయ్యమంటాడు."

"పొయ్యొద్దమ్మా."

"నేనా? గిద్ద నా దగ్గరే దాచి పెట్టుకుంటన్నా."

చలికాలం గడిచేసరికి సగం బస్తా బరువుకు చేరాడు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశాడు. ఇంకొన్ని నెలలు ఓపిక పడితే నిండు బస్తా ఎత్తేవాడు. ఈలోగా పసుపు సీజన్ మొదలైంది. ముఠా మేస్త్రి నేరుగా జిమ్‌కే వచ్చాడు.

"ఏరా రత్నం, ఇసకతో ఆడుకుంటన్నావా? అక్కడ లారీలు ఆగిపోయినయ్యి. రేపొస్తావా, నీ చోట్లో ఇంకోణ్ణి పెట్టుకోనా?"

నేను కల్పించుకున్నాను. "ఈ సీజనుకి సగం బస్తాలు మోయించండి మేస్త్రిగారూ. వాటా తగ్గించుకుంటాడు."

"ముఠాలో సగం మనిషి ఉండడండి. ఇయ్యాల ఈడి వాటా తగ్గిస్తే, రేపు షావుకార్లు మా ముసలోళ్లందరి వాటా కోసేస్తారు. మా తాతల కాడ్నుంచీ ఒకటే బస్తా, ఒకటే వాటా."

నేను ఏసురత్నం వైపు తిరిగాను. "వద్దు రత్నం" అని మాత్రం అన్నాను. అతను చొక్కా వేసుకుంటూ, "రేపొస్తా మేస్త్రీ" అన్నాడు.

పొద్దున బాగానే మోశాడట. మధ్యాహ్నం చెక్క మీదుగా లారీ ఎక్కుతుంటే నడుం కలుక్కుమంది. బస్తాతో సహా కూలబడ్డాడు. ఇద్దరు అతన్ని పక్కకు మోసుకెళ్లారు, మూడోవాడు బస్తా ఎత్తుకున్నాడు. ఆ వారంలోనే అతని చోట్లో కొత్త మనిషి చేరాడు.

చూడ్డానికి వెళ్లాను. పక్కకు తిరగడానికి కూడా మరియమ్మ చెయ్యి కావాలి.

"సగమే మోస్తానని ఒక్క మాట అడగలేకపోయావా?" అన్నాను.

"నేను సగం మోస్తే మిగతా సగం పక్కోడి నడుం మీదకేగా మాస్టారూ. ఆడిదీ నా వయసే."

మరియమ్మ గట్టిగా అంది: "ఈయనకి సిగ్గుండి పోయాడు. ఆళ్లకి లేక ఇంకోణ్ణి పెట్టుకున్నారు." ఇప్పుడు ఆమే అదే యార్డులో పసుపు ఏరే పనికి పోతోంది.

అప్పటి నుంచి కష్టం చేసుకునేవాళ్లు ఎవరొచ్చినా, ఒళ్లు చూడకముందే ఒకటి అడుగుతున్నాను: మీ పనిలో ఎంత బరువు ఎత్తాలో చెప్పేది ఎవరు? నేనే అన్నవాడు ఇంతవరకు ఒక్కడూ రాలేదు. అయినా రోజూ కాస్త పెంచుకోండని వాళ్లకు చెబుతూనే ఉన్నాను. నాకు వచ్చింది అదొక్కటే.