సువార్తమ్మకు నేను నేర్పిన వంటింటి ఇంగ్లీషు

2022లో, కరోనా సద్దుమణిగి గల్ఫ్ ప్రయాణాలు మళ్ళీ మొదలైన రోజుల్లో, తెనాలిలో మా ఇంటి వంటగదే నా క్లాసురూము. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వచ్చేవారు. అందరూ కువైట్‌కో మస్కట్‌కో వంటపనికి వెళ్ళాలనుకునేవాళ్ళే. కొందరు రేపల్లె బండి దిగి, కొందరు బాపట్ల బండి దిగి, స్టేషను నుంచి నడుచుకుంటూ వచ్చేవారు. నా క్లాసులో బోర్డు లేదు, చాక్‌పీసు లేదు. పొయ్యి, కత్తిపీట, ఉల్లిపాయలు ఉండేవి. ఉల్లిపాయ తరుగుతూ ‘ఐ యామ్ చాపింగ్ ద ఆనియన్స్’ అనాలి. నూనె కాగుతుంటే ‘ద ఆయిల్ ఈజ్ హాట్’ అనాలి. పుస్తకం ముందు పెడితే నోరు మూతబడిపోయేవాళ్ళు గరిట చేతికిస్తే మాట్లాడేవారు. ఇరవై రెండేళ్ళు కాన్వెంటులో పాఠాలు చెప్పి నేను సాధించలేనిది పప్పుచారు సాధించిందని నలుగురి దగ్గరా గొప్పలు పోయేదాన్ని.

సువార్తమ్మది చెరుకుపల్లి దగ్గర ఒక పల్లె. నలభై దాటిన మనిషి. నాట్లకూ కలుపుకూ వెళ్ళేది. చర్చిలో పెళ్ళయినా క్రిస్మస్ విందయినా రెండొందల మందికి వంట ఆమె చేతి మీదే నడిచేది. భర్త పోయాడు. కూతురు బాపట్లలో నర్సింగు మొదటి ఏడాది చదువుతోంది. ఆ పిల్ల చదువు మధ్యలో ఆగకూడదు, అంతే, ఆమెకు ఇంకో కోరిక లేదు. అందుకే మస్కట్ వెళ్తానంది.

మా పనిలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి డ్రిల్, అంటే ఒకే మాటను నాలుక తిరిగేదాకా పదే పదే అనిపించడం. రెండోది రోల్ ప్లే, అంటే వేషం కట్టి మాట్లాడించడం. నేను మేడమ్ వేషం, వాళ్ళు వంటమనిషి వేషం. ఒకరోజు సువార్తమ్మ చేత చికెన్ పులుసు వండిస్తూ ఈ నాటకం ఆడుతున్నాం. మూత తీసేటప్పుడు ఆవిరి కొట్టి ఆమె మణికట్టు ఎర్రగా కమిలిపోయింది. నేను వేషంలోనే ఉండి, “సువార్తా, ఆర్ యూ ఆల్ రైట్?” అన్నాను.

“నో మేడమ్. పెయినింగ్ మేడమ్,” అంది.

ఆట ఆపేశాను. “అలా అనకూడదు. ఐ యామ్ ఫైన్ మేడమ్ అనాలి.”

“నిజంగానే మండుతుందండి టీచర్ గారూ.”

“మండితే మండనీ. వచ్చిన కొత్తలోనే మూలిగేదాన్ని ఏ మేడమ్ ఉంచుకుంటుంది? తిరుగు విమానం ఎక్కించేస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. ఊ, ఇరవై సార్లు అను.”

ఆమె కుళాయి కింద చెయ్యి పెట్టుకుని ఇరవై సార్లూ అంది. చివరికి నవ్వు కూడా కలిపి అంది. మిగతా ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా వైపు అసలే ఎవరైనా బాగున్నారా అని అడిగితే నూట రెండు జ్వరంతో ఉన్నవాళ్ళు కూడా బాగున్నామండి అంటారు. అది మర్యాద. అంతమందిలో అడిగినదానికి ఉన్నమాట చెప్పింది ఆమె ఒక్కతే. దాన్ని తప్పని దిద్దిన ఘనత నాది.

ఏజెంటు పెట్టించిన వీడియో ఇంటర్వ్యూలో సువార్తమ్మ పులుసు ఎలా చేస్తారో పొల్లుపోకుండా చెప్పింది. మేడమ్ అక్కడికక్కడే సరేనంది. వెళ్ళే ముందు, మినుము పీకిన కూలికి తన వాటాగా వచ్చిన మినుములు నాలుగు కేజీలు సంచిలో తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోవడమెందుకు.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఉదయం క్లాసు మొదలవుతుండగా ఆమే వచ్చింది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉన్నాయి. మూడోది సగమే వంగుతోంది. మిగతావాళ్ళను ఇంటికి పంపించేసి కూర్చోబెట్టాను.

“వేపుడు నూనె పడిందండి,” అంది.

“ఆ మేడమ్ డాక్టరుకు చూపించలేదా?”

“ఆవిడ్ని ఏమీ అనకూడదండి, పాపం. రోజూ అడిగేది, చెయ్యి ఎలా ఉంది, ఆర్ యూ ఆల్ రైట్ అని. ఐ యామ్ ఫైన్ మేడమ్ అనేదాన్ని. గ్లౌజు తొడుక్కుని వండేదాన్నండి. పన్నెండో రోజు ఆ గ్లౌజు ఊడి రాలేదు. అప్పుడు ఆవిడే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ముందే ఎందుకు చెప్పలేదని ఏడ్చింది కూడానండి.”

“ఎందుకు చెప్పలేదు సువార్తా?”

“చెప్తే పంపించేస్తారని మీరే అన్నారు గదండి.”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పినట్టే చెప్పింది. నిష్ఠూరంగా అన్నా నేను కొంచెం తట్టుకునేదాన్నేమో. లోపల చీము పట్టి నరాలు దెబ్బతిన్నాయట. వైద్యమంతా చేయించి, ఇక వంట చెయ్యలేదని పంపించేశారు. ఇక్కడ చేలో నాటు వెయ్యాలన్నా, నారు తియ్యాలన్నా ఆ వేళ్ళే కావాలి. కూతురు రెండో ఏడాది మధ్యలో చదువు ఆపేసి రేపల్లెలో మందుల షాపులో చేరింది.

నెల రోజులు క్లాసు పెట్టలేదు. నా వంటగదిలోకి వెళ్ళాలంటే నాకే రోతగా ఉండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని మామూలుగా అనేస్తుంటాం. ఆ సామెత ఎవరి నోట విన్నా ఇప్పుడు లేచి పక్కగదిలోకి పోతాను. వంటలు ఇంగ్లీషులో చెప్పడం నేర్పాను, వంటకాల్లో ఉన్న మాటలన్నీ నేర్పాను. ఏ వంట పాఠంలోనూ వండే మనిషికి నొప్పి రాదు, అలసట రాదు, ఆకలి వెయ్యదు. నాకది తోచనే లేదు. అడగందే అమ్మయినా పెట్టదని పిల్లలకు చెప్తాం. అడిగే మాటలు మాత్రం నేను ఒక్కటీ నేర్పలేదు.

ఇప్పుడు మొదటి మూడు రోజులూ పొయ్యి వెలిగించను. ‘నాకు నొప్పిగా ఉంది, డాక్టరు కావాలి, ఈరోజు వండలేను.’ ఈ మూడూ ఇంగ్లీషులో వచ్చాకే ఉల్లిపాయ ముట్టనిస్తాను. నేను మేడమ్ వేషంలో కసురుకుంటాను, వాళ్ళు నా కళ్ళలోకి చూసి మళ్ళీ అదే మాట చెప్పాలి. చాలామంది ముందు ‘సారీ మేడమ్’ అని తల దించేస్తారు. “మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎదురు మాట్లాడుతున్నారండి,” అని ఏజెంటు సణుగుతుంటాడు. ఇద్దరికి ఆ కారణంగానే ఉద్యోగం రాలేదు. వాళ్ళకూ నేను జవాబు చెప్పుకోవాల్సిందే. అయినా మానను.

మొన్న వేసవిలో చెరుకుపల్లి దగ్గరి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. సువార్తమ్మ ఎడమచేత్తో టీ పెట్టి ఇచ్చింది. ఎంతకాలంగానో మోస్తున్న మాట అప్పుడు బయటపెట్టాను.

“నీ చెయ్యి అలా అవ్వడానికి నేనే కారణం సువార్తా. నన్ను క్షమించు.”

“అయ్యో, అంత మాటెందుకండి. మీరు కావాలని చేశారా ఏంటి?”

“అది కాదు. నా మీద కోపం ఉందా? ఉంటే ఉందని చెప్పు. ఇక్కడ నిన్నెవరూ ఎక్కడికీ పంపించెయ్యరు.”

ఆమె కాసేపు కూతురు ఆరేసిన బట్టల వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది.

“బాగానే ఉన్నానండి టీచర్ గారూ,” అంది.

నేను అడిగింది అది కాదు. రెండోసారి అడిగే ధైర్యం లేక, టీ తాగేసి, తెనాలి బస్సెక్కాను.